వీరేశుకు వదిలిన చోటు

సెప్టెంబరు 3

యామిని పెళ్లి ఖాయమైంది. అబ్బాయిది ఆదోని. ఇద్దరూ కర్నూలులో ఒకే బ్యాంకు, పక్కపక్క కౌంటర్లు. మధ్యలో అద్దం ఉందట, అయినా మాటలు కలిశాయి. ముహూర్తం నవంబరు పన్నెండు, కర్నూలులోనే.

పనులన్నీ కోడలు రమణి నెత్తికెత్తుకుంది. నా కొడుకు వీరేశు పోయిన పద్దెనిమిదేళ్ల నుంచీ ఆమె నెత్తి ఖాళీగా ఉన్నదెప్పుడు! నాకు మాత్రం ఒక్క పని మిగిల్చారు. ఆడపిల్ల వైపు ఫోటోలు తీసే మనిషిని చూసి మాట్లాడటం.

యామిని ఫోను చేసింది.

"తాతా, ముప్పై నాలుగేండ్లు కండక్టరువి. బస్సెక్కినోని మొకం చూస్తానే యాడ దిగుతాడో చెప్తాంటివంట గదా. ఫోటోలాయప్పను నువ్వే చూడు."

"చూస్తాలేమ్మా."

"ఒకటే మాట తాతా. నా పెండ్లి ఫోటోలో మా నాయన ఉండల్ల. ఇప్పుడు చేస్తాండారు గదా, లేనోళ్లను కంప్యూటర్లో తెచ్చి పక్కన నిలబెడతాండారు. అట్ల చేసేటోళ్లను చూడు. అమ్మకాడుండే ఫోటోలన్నీ ఏటిపాలైనాయి. నీకాడ ఇంకో ఆల్బం ఉండాది గదా?"

సిగ్నల్ పోతోందని చెప్పి పెట్టేశాను. ఆలూరులో మా ఇంటి అరుగు మీద సిగ్నల్ నాలుగు గీతలూ నిండుగా ఉంటుంది.

సెప్టెంబరు 4

వీరేశు పెళ్లికి ఆల్బంలు రెండు చేయించాం. ఒకటి రమణికి, ఒకటి మాకు. మాది చెదలు తిన్నాయని రమణికి ఎప్పుడో చెప్పాను. ఆమె కూతురికి చెప్పలేదు కాబోలు.

చెదలు తిన్నాయి.

సెప్టెంబరు 9

కర్నూలు పోయి వచ్చాను. బస్సులో కండక్టరు పిల్లవాడు తలెత్తకుండా మిషను నొక్కి టికెట్టు చించి చేతిలో పెట్టాడు. మా కాలంలో టికెట్టుకు పంచ్‌తో కన్నం వేసేవాళ్లం. ఆదోని సంతనాడు బస్సులో మనుషులు, కోళ్లు, రెండు మేకపిల్లలు, ఒకసారి పాడె కట్టడానికి వెదుళ్లు కూడా. అంత గోలలోనూ నా పంచ్ టిక్కుమంటే నిద్రపోయేవాడు లేచి కూర్చునేవాడు. చదువు కూడా నాకు బస్సులోనే అబ్బింది. మూడో తరగతితో బడి మానినవాణ్ని, ప్రయాణికులు వదిలేసిపోయిన పేపర్లు, పుస్తకాలు చదివి ఇంతటివాణ్నయ్యాను. ఎంతటివాణ్నని అడిగితే చెప్పలేను. మిషన్లు వచ్చాక పంచ్ వెనక్కి ఇమ్మని డిపోలో ఎవరూ అడగలేదు. ఇంట్లోనే ఎక్కడో ఉండాలి.

ఎక్కడో ఏమిటి, బీరువా రెండో అరలో ఉంది.

ఫోటోల సంగతి కదా. స్టూడియోలోకి పోతే ఏసీ, సోఫా, నీళ్ల సీసా. అవినాష్ అని ఒక గడ్డం అబ్బాయి. గోడంత టీవీలో ఎవరిదో పెళ్లి చూపించాడు. పెళ్లికూతురు ఏడుస్తూ పైకి చూస్తుంది. మబ్బుల్లోంచి మెట్లు దిగుతాయి. ఆ మెట్ల మీదుగా చచ్చిపోయిన తండ్రి పట్టుపంచె కట్టుకుని దిగివచ్చి, అక్షింతలు వేసి, మళ్లీ మెట్లెక్కి పోతాడు.

"ఆయప్ప బతికుండంగ ఏం పని చేస్తాండె?" అన్నాను.

"లారీ డ్రైవర్ సార్."

"లారీ డ్రైవరుకు పట్టుపంచె యాడిదప్పా?"

"కంప్యూటరే కట్టిస్తాది సార్."

"దిగినంక ఎక్కకుండా ఆడనే ఉంచేదానికి కాదా?"

ఆ అబ్బాయి నవ్వాడు. మంచివాడే. తరువాత అడిగాడు. "మీ వాళ్ల ఫోటో తెచ్చినారా సార్? మొకం క్లియర్‌గా ఉండేది ఒక్కటి చాలు."

ఈసారి తెస్తానని లేచాను.

మబ్బుల మెట్లు నాకు నచ్చలేదు. ఈ మనిషి వద్దు.

సెప్టెంబరు 16

బళ్లారి చౌరస్తా దగ్గర ఇంకొకాయన. పనితనం బాగుంది. ఫోటో అడిగాడు. మాట్లాడేటప్పుడు చెవి గోక్కుంటున్నాడు. వద్దు.

సెప్టెంబరు 17

ఆదోనిలో ఒకడు. బూట్లు విప్పకుండా గదిలోకి వచ్చాడు. వాడి గదే. అయినా వద్దు.

సెప్టెంబరు 28

నాలుగో మనిషిని కూడా వద్దన్నానని తెలిసి రమణి ఫోను చేసింది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి.

"మామా, ఒకనికి గడ్డం బాగలేదు, ఒకనికి చెవి బాగలేదు. నువ్వు ఫోటోలు తీసేటోన్ని చూస్తాండావా, పిల్లకు ఇంకో సమ్మంధం చూస్తాండావా?"

"మంచోడు దొరకల్ల గదమ్మా."

"నాకాడ ఓటు కార్డు జిరాక్సు ఒకటే ఉండాది. దాంట్లో మొకం మసి పూసినట్లుండాది. సుట్టాల ఆల్బంలన్నీ తిరగేసినా. ఆయప్ప ఏ పెండ్లిలో ఫోటోకు నిలబడినాడు? ఎప్పుడు చూసినా వంటకాడనే ఉంటాండె. మామా, ఒకటి అడుగుతా. ఇప్పటికీ ఆయప్ప నీ కండ్లకు కనపడేది నీకిష్టం లేదా?"

పెట్టేసింది. ఈసారి సిగ్నల్ మాట నేను ఎత్తలేదు.

అక్టోబరు 2

తుంగభద్ర కర్నూలు నడివీధుల్లోకి వచ్చి ఇవాళ్టికి పదహారేళ్లు. తొమ్మిదేళ్ల యామినిని చంకనేసుకుని రమణి మేడమీద రెండు రోజులు కూర్చుంది. కిందికి దిగి చూస్తే పెళ్లి ఆల్బం ఉబ్బి రొట్టెలా అయిందట. తెరిస్తే రంగులు చేతికి వచ్చాయట. గోడకు దండ వేసి తగిలించిన వీరేశు పటం గోడతో సహా పోయింది. అప్పటికి వాడు పోయి రెండేళ్లు.

రమణి అడిగినదానికి జవాబు రాసుకుందామని కూర్చున్నాను. రాస్తాను.

రెండువేల నాలుగు ఎన్నికల్లో మా గడపకు రెండు జెండాలు ఎగిరాయి. ఒకటి నాది. నా పెళ్లికి అక్షింతలు వేసిన నాయకుడి జెండా. ముప్పై ఏళ్లు ఆ మనిషి వెనక నడిచాను. ఉద్యోగం పోతుందన్నా నడిచాను. రెండోది వీరేశు తెచ్చి కట్టాడు, అవతలి పార్టీది. హోటలు దగ్గర ఒకడు అందరూ వినేట్టు అన్నాడు. "ఏమప్పా అయ్యన్నా, కొడుకునే నిలబెట్టుకోలేనోనివి, ఓట్లు యాడ నిలబెడతావు?"

ఆ మాట మోసుకుంటూ ఇంటికి వచ్చి కొడుకును పొమ్మన్నాను. పెళ్లాం బిడ్డతో కర్నూలు పోయాడు, ఆటో తోలాడు. మూడేళ్లు మాటల్లేవు. నేను డ్యూటీ మీద కర్నూలు బస్టాండులో దిగినప్పుడు బయట ఆటోల వరుసలో ఉండేవాడు. నేను అటు చూసేవాణ్ని కాను. చూసేవాణ్ని కానని నాకెట్లా తెలుసంటే, ఎటు చూడకూడదో నాకు బాగా తెలుసు.

డోన్ దారిలో లారీ. రెండువేల ఏడు.

రెండువేల తొమ్మిదిలో మా నాయకుడు పార్టీ మారాడు. నేనూ ఆ సభకు పోయాను. వెనక వరుసలో కూర్చుంటే ఎవరో పిల్లవాడు వచ్చి చేతికి జెండా ఇచ్చిపోయాడు. వీరేశు మా గడపకు కట్టిన జెండాయే. సభ అయిపోయేవరకూ దాన్ని పట్టుకునే కూర్చున్నాను.

అక్టోబరు 6

నా భార్య నాగలక్ష్మమ్మ నాతో మూడు రోజులుగా అన్నం పెట్టేటప్పుడు తప్ప మాట్లాడలేదు. ఇవాళ చారు పోస్తూ అంది.

"సమీవుల్లా కాడికి పో."

"ఆయప్ప కెమెరా పట్టుకోక పదేండ్లాయె."

"బిడ్డ షమా పట్టుకోలేదా? హైదరాబాదులో నేర్చుకోని వచ్చె. ఊర్లో పెండ్లిండ్లన్నీ ఆ పిల్లవే. నీకు కండ్లకు కనపడలేదా, యాడాడికో పోతాండావు."

"ఆడపిల్ల, బరువులు మోసుకోని..."

"బరువు సంగతి నీకేం తెల్సు. తిను."

వీరేశు పెళ్లి ఫోటోలు తీసింది సమీవుల్లాయే. అందుకే అటు పోలేదు. కాదు, అందుకు కూడా కాదు.

అక్టోబరు 11

పోయాను.

సమీవుల్లా అంగడి ముందర కుర్చీలో ఎండకు కూర్చున్నాడు. కంటికి ఆపరేషను అయి నల్లద్దాలు పెట్టుకున్నాడు. అడుగుల చప్పుడుతోనే గుర్తుపట్టాడు.

"రా అయ్యన్నా. ఇరవై ఒక్క ఏండ్లాయె ఈ మెట్టు ఎక్కక."

"లెక్క పెట్టుకుంటివా?"

"నువ్వు పెట్టుకోలేదా?"

షమా లోపలినుంచి వచ్చింది. పెళ్లి తేదీ, మంటపం, ఎంతమంది వస్తారు, చకచకా అడిగి రాసుకుంది. ఫోటోలు చూపించింది. మబ్బుల్లేవు, మెట్లు లేవు. మంగళసూత్రం కట్టేటప్పుడు ఒక పెళ్లికూతురి మెడ మీద చెమట, అది చూస్తూ వెనక వాళ్లమ్మ. ఆ ఒక్క ఫోటోతో నాకు ఈ పిల్లే చాలనిపించింది.

"యామిని నాయనను పక్కన నిలబెట్టల్లంట గదా పెద్దనాయనా. వీరేశన్న ఫోటో తెచ్చినావా?"

నేను సమీవుల్లా వైపు చూశాను. "నీకాడ నెగటివులు ఉంటాయేమోనని."

"వాన కురిసి పెట్టె తడిసె. అన్నీ ఒకదానికొకటి అతుక్కోని ఇటుక మాదిరి అయినాయి," అన్నాడు. నల్లద్దాలు తీశాడు. "అంటే, ఆపొద్దు ఇంటికి పోయినంక నువ్వే ఆ పని చేసినావన్నమాట."

షమా నన్నూ వాళ్ల నాయననూ మార్చి మార్చి చూసింది. టీ తెస్తానని లోపలికి పోయింది. తెలివైన పిల్ల.

నేను టీ రాకముందే వచ్చేశాను.

అక్టోబరు 12

చెదలు అని రాశాను. నా డైరీలో నేనే, రెండుసార్లు. ఎవరు చదువుతారని రాశానో.

కొడుకు గడప దాటిన మరునాడు ఆల్బం తీసుకుని సమీవుల్లా దగ్గరికి పోయాను. మంటపంలో ఇంటిల్లిపాదీ నిలబడ్డ ఫోటో చూపించి, వీన్ని తీసేసి సందు మూసెయ్యి అన్నాను. సమీవుల్లా ఆల్బం మూసి నా చేతిలో పెట్టాడు.

"మనుషుల్ని నిలబెట్టేది నా పని అన్నా. తీసేసేది నాకు రాదు."

ఇంటికి వచ్చాను. చొక్కా జేబులో పంచ్ ఉంది. నలభై మూడు ఫోటోలు. ప్రతి ఫోటోలో వాడి ముఖం వెతికి పట్టుకుని కన్నం వేశాను. గుంపు ఫోటోల్లో ఒక్క కన్నంతో ముఖం పోయింది. ఒకటి మాత్రం పెద్ద ఫోటో, బాసికం కట్టుకుని వాడొక్కడే. దాంట్లో ఒక్క కన్నం సరిపోలేదు. పద్నాలుగు వేశాను. టిక్కు, టిక్కు. నాగలక్ష్మమ్మ వంటింటి వాకిలి పట్టుకుని నిలబడి ఉంది. పని అయిపోయాక చీపురు తెచ్చి కింద రాలిన ముక్కలు ఊడ్చింది.

ఆల్బం బీరువా రెండో అరలో పంచ్ పక్కనే ఉంది. ఏ చెదా దాన్ని ముట్టుకోలేదు. మా ఇంట్లో చెదలు లేవు.

ముఖం చూస్తే ఎక్కడ దిగుతాడో చెబుతానని పేరు నాకు.

అక్టోబరు 13

పొద్దున నాగలక్ష్మమ్మతో అన్నాను. "యామినికి ఉన్న మాట చెప్పేస్తా. ఫోటో లేదు, నేనే చేసినా అని."

ఆమె చేస్తున్న పని ఆపింది. దేవుని గూట్లోంచి ఇత్తడి పసుపు డబ్బా తీసి నా ముందు పెట్టింది. మూత తీస్తే పసుపు లేదు. అడుగున చిన్న చిన్న గుండ్రటి ముక్కలు. ఒక్కొక్కటి శనగబద్దంత. అంచులు పసుపు పట్టి ఉన్నాయి.

ఒకటి తీసి వెలుతురులో పట్టుకున్నాను. వీరేశు. గోరంత లేడు. నవ్వుతున్నాడు.

"నువ్వు పారేసినోన్ని నేను ఏరుకుంటి," అంది.

"ఇన్నేండ్లు చెప్పలేదేమి?"

"నువ్వు చెప్తావేమోనని చూస్తాంటి."

అక్టోబరు 15

ఆల్బం, పసుపు డబ్బా తీసుకుపోయి షమా ముందు పెట్టాను. ముక్కలన్నీ తెల్లకాగితం మీద పరిచింది. పట్టుకారుతో ఒక్కొక్కటి తిప్పి చూసింది. ఏం జరిగిందని అడగలేదు. వాళ్ల నాయన చెప్పి ఉంటాడు.

"పెద్ద ఫోటో ఉండాది చూడు పెద్దనాయనా, దానివి పద్నాలుగు. కన్నాల్లో పెట్టి చూస్తా. అతికితే మనిషి వచ్చేస్తాడు."

సాయంత్రానికి పదకొండు దొరికాయి. కంటి కింద, ముక్కు పక్కన, గడ్డం దగ్గర మూడు చోట్ల ఖాళీ. ఆ ముక్కలు నాగలక్ష్మమ్మ చీపురుకు చిక్కలేదు.

"చిన్న ఫోటోలవి గింజంత మొకాలు, పెంచితే అలుక్కుపోతాయి. ఆ మూడూ కంప్యూటరు పూరిస్తాది. కానీ అది ఊహించి పూరిస్తాది. మచ్చ ఉంటే మచ్చ పోతాది. గడ్డం అమ్మ మాదిరి ఉండాదో నాయన మాదిరి ఉండాదో దానికి తెల్దు గదా. పక్కన కూర్చోని ఇట్ల ఉంటాండె, అట్ల ఉంటాండె అని ఎవరన్నా చెప్పల్ల. నువ్వు చెప్తావా?"

ఫోటో ముందు కూర్చున్నాను. గడ్డం దగ్గర సొట్ట ఉండేదా? కంటి కింద ఏమన్నా ఉండేదా? సంతలో తప్పిపోయినవాణ్ని వెతికినట్టు వెతికాను. పాతికేళ్ల కింద ఆదోని బస్సులో ఎక్కిన ముసలమ్మ ముక్కుపుడక గుర్తుంది నాకు.

"రమణిని పిలిపిస్తా," అన్నాను.

అక్టోబరు 19

ఆదివారం. రమణి వచ్చింది. యామిని రాలేదు, చీరలకు పోయిందట. మంచిదే అయింది.

దారిలో చెబుదామనుకున్నాను, చెప్పలేదు. అంగడి మెట్టు మీద చెబుదామనుకున్నాను, చెప్పలేదు. లోపల బల్ల మీద ఫోటో ఉంది. ముక్కలు అతికించినా కన్నాల గీతలు గుండ్రంగా కనిపిస్తూనే ఉన్నాయి. చూడగానే తెలిసిపోతుంది, అది చెదలు చేసిన పని కాదని.

"నా పంచ్‌తో నేనే చేసినానమ్మా," అన్నాను.

రమణి ఫోటో మీద చెయ్యి పెట్టలేదు. వంగి చూసింది.

"ఎన్ని కన్నాలు మామా?"

"పద్నాలుగు."

"ఒకదాంతో తీరలేదా?"

సమీవుల్లా బయట కుర్చీలో దగ్గాడు.

రమణి షమా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఈ కంటి కింద నువ్వుగింజంత మచ్చ ఉంటాండె తల్లీ. ఇంకొంచెం ముక్కు తట్టుకు. ఆ, ఆడ. గడ్డానికి సొట్ట లేదు, అది పాపకు. నవ్వితే పెదిమ ఈ పక్కకు పోతాండె." ఒక్కో మాటకు తెర మీద నా కొడుకు తిరిగి వస్తున్నాడు. నేను వెనక గోడకు ఆనుకుని చూశాను. నాకు కుర్చీ ఎవరూ వేయలేదు. వేసినా కూర్చునేవాణ్ని కాను.

బస్సెక్కేటప్పుడు ఆమె నాతో మాట్లాడలేదు. బస్సు కదిలాక కిటికీలోంచి కూడా చూడలేదు. ఎటు చూడకూడదో ఆమెకూ తెలుసు.

నవంబరు 1

రమణి ఫోను నాగలక్ష్మమ్మకే చేస్తోంది.

నవంబరు 8

నాగలక్ష్మమ్మ ద్వారా కబురు. యామినికి రమణి ఏమీ చెప్పలేదట. "నాయన ఫోటో దొరికిందంట తాతా!" అని పిల్ల నాకు ఫోను చేసి గంతులేసింది. నేను సిగ్నల్ లేదనలేదు. బాగుంది తల్లీ అన్నాను.

నవంబరు 12

పెళ్లి అయింది. రేపు రాస్తాను.

నవంబరు 13

మంటపం, వంటలు, ఆదోని వాళ్ల అలకలు, ఇవన్నీ రాయాలనే ఉంది. వియ్యంకుడికి కాఫీలో చక్కెర తక్కువైందని గంటసేపు పంచాయితీ జరిగింది, అదొక్కటే మూడు పేజీలు వస్తుంది. ఇంకోసారి. ముందు ఇది రాయాలి.

తాళి కట్టాక షమా ఇంటివాళ్లందరినీ పైకి పిలిచింది. మధ్యలో పెళ్లికొడుకు, యామిని. యామిని పక్కన మనిషి పట్టేంత ఖాళీ వదిలింది. ఆ ఖాళీకి అటు పక్క రమణి, ఇటు వెనక నేను, నా పక్కన నాగలక్ష్మమ్మ.

"ఆడ వీరేశన్న వస్తాడు. ఎవరూ జరగాకండి," అని షమా గట్టిగా చెప్పింది. కింద కూర్చున్నవాళ్లు గుసగుసలాడుకున్నారు. యామిని ఆ ఖాళీ వైపు తలతిప్పి నవ్వుతూ నిలబడింది. కండ్లు తుడుచుకుంటే కాటుక పోతుందని తుడుచుకోలేదు.

షమా కెమెరా దించి నన్ను చూసింది. "పెద్దనాయనా, నీ కుడిచెయ్యి వీరేశన్న భుజం మీద వేసినట్లు పట్టు. నేను మల్ల కింద భుజం తెచ్చి పెడతా. చెయ్యి మాత్రం కదిలీకు."

చెయ్యి ఎత్తి పట్టుకున్నాను. గాలిలో.

"అంతేనా పెద్దనాయనా ఎత్తు?"

అంతే అన్నాను. షమా కెమెరా ఎత్తలేదు. నా చెయ్యి ఎక్కడ ఉందో అప్పుడు చూసుకున్నాను. నా నడుము కంటే కొంచెం పైన. పదేళ్ల పిల్లవాడి భుజం అది. నేను వాడి భుజం మీద చివరిసారి చెయ్యి వేసింది ఎప్పుడో ఆ చేతికి గుర్తుంది, నాకు లేదు. పైకి ఎత్తాను. ఎంత ఎత్తాలో తెలియలేదు. ఇంత మంది చూస్తుండగా నా కొడుకు ఎంత పొడుగో నాకు తెలియలేదు.

రమణి ఆ ఖాళీకి అటువైపు నుంచి చెయ్యి చాపింది. పాతిక రోజుల తరువాత నాతో మొదటి మాట.

"ఆయప్ప అంత పొట్టి కాదు మామా."

నా మణికట్టు పట్టుకుని పైకి లేపింది. ఇంకా పైకి. నా భుజం దాటింది. చెవి దాకా వచ్చింది. అక్కడ ఆపి, ఆ చోటు తన చేతికి బాగా తెలిసినట్టు నా అరచేతిని వంచి పెట్టి, వదిలింది.

"ఈడ," అంది.

షమా నొక్కింది. ఒకటి, రెండు, మూడు. "అయిపాయె పెద్దనాయనా, చెయ్యి దించు."

ఆదోని వాళ్లు మెట్లెక్కుతున్నారు. నాగలక్ష్మమ్మ నా పంచె అంచు పట్టి లాగింది. నేను చెయ్యి దించలేదు.